పొందూరు ఖాదీ జుబ్బా: ఆరేళ్లు వాడాక

పొందూరు ఖాదీ గుడ్డ తెచ్చి మా ఊరి టైలరు దగ్గర పాతకాలపు కోతలో కుట్టించుకున్న జుబ్బాలనే ఆరేళ్లుగా వాడుతున్నాను. ఆఫీసుకీ అవే, పెళ్లిళ్లకీ అవే. ఈ గుడ్డ కొందామనుకునేవాళ్లు నన్ను అడిగేది ఎక్కువగా ధర గురించి, ఉతుకు గురించి. నేను మాత్రం ముందు కుట్టు గురించి అడగమంటాను. ఈ గుడ్డకి తగ్గ కోత పడకపోతే ఏడాది తిరక్కుండానే పాడవుతుంది. అందుకే గుడ్డ, కుట్టు రెండిటి గురించీ కలిపి రాస్తున్నాను.

పొందూరు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. అక్కడ సన్నఖాదీకి కొండపత్తి, పునాసపత్తి, ఎర్రపత్తి లాంటి నాటు రకాలు వాడతారు. వీటి పింజ, అంటే పీచు, పొట్టిది; సన్న నూలు తీయడానికి మిల్లుల్లో పనికిరాదు. అలాంటి పత్తి నుంచి చేత్తో నూరో కౌంటు నూలు తీస్తారు. ఆ పనితనమంతా వడకడానికి ముందే ఉంది. వాలుగ చేప దవడ ఎముకకి సన్నటి పళ్లు వరసగా ఉంటాయి. గింజ తీయకముందే పత్తిని దానితో దువ్వుతారు. చెత్తా, మరీ పొట్టి పీచూ రాలిపోయి మిగతాది ఒక వరసలోకి వస్తుంది. తర్వాత గింజ తీసి, దూది ఏకి, ఏకులు చుట్టి ఎండిన అరటి డొప్పలో దాచుకుంటారు. ఒంటి కదురు రాట్నం మీద ఆడవాళ్లు వడుకుతారు.

నూరో కౌంటు అంటే ఏమిటో చెప్తే ఆ పని విలువ తెలుస్తుంది. 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) వంద కలిపితే ఒక పౌండు బరువు తూగాలి. అంటే దాదాపు 77 కిలోమీటర్ల దారం అరకిలో కూడా ఉండదు. దారం తీసే చేతిలో పట్టు కొంచెం అటూ ఇటూ అయితే దారం తెగుతుంది. గాంధీగారు ఈ నేత సంగతి తెలుసుకుని తన కొడుకు దేవదాస్‌ని పొందూరు పంపించి చూసి రమ్మన్నారని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

తొడుక్కుంటే ఎలా ఉంటుందంటే, రోహిణి కార్తె ఎండలో బస్సు దిగి నడిచినా వీపుకి అంటుకోదు. చెమట పట్టదని కాదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. చేతి నూలుకి మిల్లు నూలంత బిగువైన పురి ఉండదు, పోగుల మధ్య గాలి ఆడుతుంది. కొత్తలో కాస్త బిరుసుగా ఉంటుంది, నేసేటప్పుడు పోగుకి పెట్టిన గంజి వల్ల. నాలుగైదు ఉతుకుల తర్వాత మెత్తబడుతుంది. రెండో ఏడాదికి వచ్చే మెత్తదనం ఇంకే బట్టలోనూ నేను చూడలేదు.

ఇక కోత. మా టైలరు గారు జుబ్బాకి భుజం మీద కుట్టు వేయరు. ముందూ వెనకా ఒకే గుడ్డ, భుజం దగ్గర మడతంతే. చేతులు నిలువు ముక్కలు. చంక దగ్గర గుండ్రంగా కత్తిరించరు. దాని బదులు నలుచదరపు చిన్న ముక్క ఒకటి ఏటవాలుగా కుడతారు. అరచేతిలో సగం ఉంటుందేమో ఆ ముక్క. చెయ్యి పైకెత్తినప్పుడు లాగుడంతా దాని మీద పడుతుంది, ఏటవాలు గుడ్డ కాబట్టి సాగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. "పొందూరు గుడ్డ లాగితే ఓర్చుకోదు బాబూ, వదులు ఇస్తే ఎన్నాళ్లైనా ఉంటాది" అంటారాయన. పక్క కుట్లకి ఓవర్‌లాక్ కొట్టరు. అంచుని లోపలికి మడిచి దాని మీద రెండో కుట్టు వేస్తారు, పోగు బయటకి కనిపించదు. లోపలివైపు తిప్పి చూసినా జుబ్బా బయటివైపంత శుభ్రంగా ఉంటుంది. కాజాలు చేత్తోనే. మిషను కాజా గుడ్డని ముందు కుట్టి తర్వాత కోస్తుంది, ఇంత సన్నగుడ్డ మీద అక్కడ పోగులు లేస్తాయి. చేతి కాజా ముందు కోసి, అంచు చుట్టూ దారం దగ్గర దగ్గరగా ముడివేస్తూ వస్తారు. నా పాత జుబ్బాల్లో గుండీలు మార్చాల్సి వచ్చింది కానీ కాజాలు ఒక్కటీ వదులవలేదు.

ఇదే గుడ్డతో మా తమ్ముడు సిటీలో స్లిమ్ ఫిట్ చొక్కా కుట్టించుకున్నాడు. చూడ్డానికి బాగుంది. కానీ కొన్ని నెలలకే వీపు మీద, భుజం కుట్టు పక్కన పోగులు జరిగి జల్లెడ పడింది. గుడ్డదీ తప్పు కాదు, మిషనుదీ కాదు. ఒంటికి బిగించే కోత సాగే గుడ్డలకి సరిపోతుంది. ఇది సాగదు.

ఆరేళ్లలో నా జుబ్బాలు అరిగింది మొదట మెడపట్టీ దగ్గర, తర్వాత జేబు నోటి దగ్గర. కుట్టించినప్పుడే మిగిలిన ముక్కలు అడిగి తీసుకున్నాను కాబట్టి రెండిటికి మెడపట్టీ కొత్తది వేయించాను. అదే గుడ్డ, కాకపోతే కొత్త ముక్క తెల్లగా ఉండి రెండు నెలలు తేడా తెలిసింది. లాప్‌టాప్ బ్యాగు తగిలించుకునే భుజం మీద మాత్రం గుడ్డ బాగా పలచబడింది. ఈ జుబ్బా వేసుకున్న రోజు బ్యాగు చేత్తో పట్టుకోండి.

ఇబ్బందులూ ఉన్నాయి. నలుగుతుంది, బాగా నలుగుతుంది. ఇస్త్రీ చేసుకుని బయల్దేరితే ఆఫీసుకి చేరేసరికి మడతలే. నాకది అలవాటైపోయింది, మీకు కాకపోవచ్చు. తెల్లది పలచన కాబట్టి లోపల బనీను తప్పదు. ధర మామూలు కాటన్ కంటే చాలా ఎక్కువ, కౌంటు పెరిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది. నేసినవాళ్ల, వడికినవాళ్ల చేతికి వెళ్లేది చూస్తే ఆ ధర ఎక్కువని నేననను. ఇంకా పెరగాల్సింది వాళ్ల కూలీ.

ఉతుకు సంగతికొస్తే, వాషింగ్ మిషనూ బ్రష్షూ వద్దు. చల్లటి నీళ్లలో నానబెట్టి, తక్కువ సబ్బుతో చేత్తో పిసికి, మెలితిప్పకుండా నీడలో ఆరేయాలి. పలచటి గంజి పెట్టి, కొంచెం తడిగా ఉండగా ఇస్త్రీ చేస్తే అందంగా నిలబడుతుంది. నెలల తరబడి బీరువాలో పెట్టేటప్పుడు మాత్రం గంజి పోయేలా ఉతికి పెట్టండి, గంజికి పురుగు చేరుతుంది.

పొందూరు పేరు చెప్పి మరమగ్గం గుడ్డ అంటగట్టే షాపులున్నాయి, ఒకచోట నాకూ ఇచ్చారు. అంచు నుంచి ఒక పోగు లాగి చూడండి. చేతి నూలు అయితే ఒకచోట లావు, ఒకచోట సన్నం ఉంటుంది. అసలైన ఖాదీకి ఇచ్చే ఖాదీ మార్క్ ఉందో లేదో అడగండి. వీలైతే పొందూరులోని ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘానికే (ఏఎఫ్‌కేకే) వెళ్లండి. ఆ భవనానికి 1955లో వినోబా భావే శంకుస్థాపన చేశారు. గుడ్డ కొన్నాక వడకడం, నేయడం చూడొచ్చు.

గుడ్డ తీసుకునే ముందు పన్నా (గుడ్డ వెడల్పు) ఎంతో కనుక్కుని టైలరుకి ఫోన్ చేయండి. పాత కోతకి మామూలు చొక్కా కంటే ఎక్కువ గుడ్డ పడుతుంది, చంక ముక్కలకీ, మెడపట్టీ మార్పుకీ కలిపి ఒక అరమీటరు అదనంగా తీసుకోవడం మంచిది. కత్తెర పెట్టకముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయమని టైలరుకి గట్టిగా చెప్పండి, కుంగేది ముందే కుంగుతుంది.