డిలీట్ కానని మొండికేసిన ఫైలు: రీస్టార్టా, అన్‌లాకరా, సేఫ్ మోడా? ఏది మేలు?

విండోస్ కంప్యూటర్‌లో ఒక ఫైలును తొలగించబోతే ‘ఇది మరో ప్రోగ్రాంలో తెరిచి ఉంది’ అనే పెట్టె ఎదురవుతుంది. మళ్లీ ప్రయత్నించినా అదే జవాబు. అప్పుడు ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో దారి చెబుతారు. రీస్టార్ట్ చేయమని ఒకరు, అన్‌లాకర్ దించుకోమని మరొకరు, అత్యవసరమైన భాగాలతో మాత్రమే విండోస్ లేచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లమని ఇంకొకరు. నా ఓటు మాత్రం వీటికంటే ముందు చేయాల్సిన పనికి: ఆ ఫైలును ఎవరు పట్టుకున్నారో కనిపెట్టడం. రెండో స్థానం రీస్టార్ట్‌ది. పట్టును బలవంతంగా విడిపించే అన్‌లాకర్‌ను చిట్టచివర పెడతాను.

ఒక ప్రోగ్రాం ఫైలును తెరిచేటప్పుడే, తాను వాడుతున్నంతసేపు ఇతరులు దాన్ని చదవవచ్చా, మార్చవచ్చా, తొలగించవచ్చా అన్నది విండోస్‌కు చెబుతుంది. తొలగించడానికి ఒప్పుకోకపోతే, ఆ ప్రోగ్రాం ఫైలును మూసేదాకా డిలీట్ పనిచేయదు. విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపించే మరో వ్యవస్థ లినక్స్. దాని పద్ధతి వేరు. అక్కడ తొలగింపు అంటే ఫోల్డర్‌లోంచి ఆ పేరును తీసేయడమే. లోపలి సమాచారం, దాన్ని వాడుతున్న చివరి ప్రోగ్రాం మూసేవరకు డిస్క్‌లోనే ఉంటుంది. అందుకే లినక్స్ సర్వర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే పెద్ద లాగ్ ఫైలును తీసేశాక కూడా ఖాళీ చోటు పెరగక నిర్వాహకులు తల పట్టుకుంటారు. విండోస్ అడ్డుచెప్పడం మనకు చిరాకే కానీ, వాడుకలో ఉన్న ఫైలు మాయం కాకుండా కాపాడేది ఆ అడ్డే.

రీస్టార్ట్‌లో ఉన్న సుఖం, ఏమీ తెలియనివారు కూడా చేయగలగడం. ఇంట్లో ఒకరే వాడే కంప్యూటర్‌కు, దాచుకోవాల్సిన పనులన్నీ దాచుకున్నాక, ఇది చాలాసార్లు సరిపోతుంది. అయితే షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం దీనికి సమానం కాదు. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ పనిచేస్తుంటే, షట్‌డౌన్‌లో మనం తెరిచిన ప్రోగ్రాంలు మూతపడతాయి కానీ వ్యవస్థ లోపలి భాగం, డ్రైవర్లతో సహా, డిస్క్‌లో భద్రమై మళ్లీ అలాగే లేస్తుంది. ఫైలును పట్టుకున్నది అక్కడుంటే పట్టు వదలదు. కాబట్టి మెనూలో రీస్టార్ట్ అన్నదాన్నే ఎంచుకోవాలి. ఆన్ కాగానే తనంతట తానే మొదలయ్యే ప్రోగ్రాం ఆ ఫైలును పట్టుకుంటుంటే మాత్రం రీస్టార్ట్ వల్ల కూడా లాభం లేదు. అది మళ్లీ మనకంటే ముందే అక్కడికి చేరుతుంది.

పట్టుకున్నవారిని కనిపెట్టడానికి కొత్తగా ఏదీ దించుకోనక్కర్లేదు. స్టార్ట్ మెనూలో రిసోర్స్ మానిటర్ అని వెతికి తెరిచి, సీపీయూ విభాగంలో ‘అసోసియేటెడ్ హ్యాండిల్స్’ పక్కనున్న గడిలో ఫైలు పేరులో కొంత భాగం టైపు చేస్తే, దాన్ని వాడుతున్న ప్రోగ్రాం పేరు కనిపిస్తుంది. ఇంకా సులువు కావాలంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో 2022 నుంచి ఫైల్ లాక్‌స్మిత్ ఉంది. ఫైలుపై కుడి క్లిక్ చేస్తే చాలు, ఎవరు పట్టుకున్నారో చెప్పి, అక్కడికక్కడే ఆ ప్రోగ్రాంను ఆపే మీట కూడా ఇస్తుంది. ఈ రెండింటిలో ఇంటివాడకానికి నేను లాక్‌స్మిత్‌నే మెచ్చుకుంటాను.

వెతికితే దొరికే దొంగ తరచుగా ఫైల్ ఎక్స్‌ప్లోరరే. మనం ఫైళ్లు చూసుకునే కిటికీయే వీడియోకు చిన్న బొమ్మ తయారుచేస్తూనో, పక్కన ప్రివ్యూ చూపిస్తూనో దాన్ని పట్టుకుని ఉంటుంది. ఆల్ట్, పీ మీటలు కలిపి నొక్కి ప్రివ్యూను మూసేయాలి. లేదా టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను ఎంచుకుని రీస్టార్ట్ నొక్కాలి. కంప్యూటర్ మొత్తాన్ని ఆపాల్సిన పని తప్పుతుంది. ఖాళీ ఫోల్డర్ కూడా పోవడం లేదంటే, ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ కిటికీ ఏదైనా ఆ ఫోల్డర్‌లోనే నిలబడి ఉందేమో చూడండి. ఆఫీసులో పంచుకున్న ఫైలైతే, తెరిచినవారు మరో గదిలో ఉండవచ్చు. అప్పుడు మీ కంప్యూటర్‌లో ఎంత వెతికినా ఏమీ కనిపించదు. ఫైలు ఉన్న సర్వర్‌లో, కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లోని షేర్డ్ ఫోల్డర్స్ కింద ‘ఓపెన్ ఫైల్స్’ జాబితాలో చూడాలి. అక్కడి నుంచి బలవంతంగా మూయడం కంటే ఆ మనిషికి ఒక ఫోను చేయడం వెయ్యి రెట్లు నయం. వారు ఇంకా దాచుకోని పని అందులో ఉండవచ్చు.

ఇక అన్‌లాకర్లు. వీటిలో చాలావరకు, ప్రోగ్రాంకు తెలియకుండా దాని చేతిలోని హ్యాండిల్‌ను మూసేస్తాయి. హ్యాండిల్ అంటే తెరిచిన ఫైలుకు విండోస్ ఇచ్చే సంఖ్య. మూసిన సంఖ్యను విండోస్ అదే ప్రోగ్రాం తర్వాత తెరిచే మరో ఫైలుకు ఇవ్వవచ్చు. సంగతి తెలియని ప్రోగ్రాం పాత ఫైలే అనుకుని కొత్త ఫైలులో రాసేస్తుంది. ఒక పనికిరాని ఫైలు కోసం పనికొచ్చే ఫైలు పాడవుతుంది. నన్ను భయపెట్టేది ఇదే. హ్యాండిల్‌ను తెంచడం కంటే ప్రోగ్రాంను మొత్తంగా ఆపడమే క్షేమం. పైగా ఇలాంటి ఉచిత ఉపకరణాలతో పాటు అడగని ప్రకటనల సాఫ్ట్‌వేర్ కూడా కంప్యూటర్‌లోకి దూరే ప్రమాదం ఉంది. వీటి కంటే మేలైనది, విండోస్‌లోనే ఉన్న ‘తర్వాతి రీస్టార్ట్‌లో తొలగించు’ సదుపాయం. మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్ అనే ఉపకరణాల సంపుటిలోని మూవ్‌ఫైల్ అనే చిన్న ఉపకరణంతో ఫైలు పేరును నమోదు చేస్తే, మామూలు ప్రోగ్రాంలేవీ నిద్రలేవకముందే విండోస్ దాన్ని తీసేస్తుంది. ఉత్త రీస్టార్ట్‌తో లొంగనివాటికి ఇదే నా ఎంపిక.

పెట్టెలో వచ్చిన మాట ‘అనుమతి లేదు’ అని అయితే పైవన్నీ వృథా. అక్కడ సమస్య పట్టు కాదు, హక్కు. పాత కంప్యూటర్ డిస్క్‌ను కొత్తదానికి తగిలించినప్పుడు మీ సొంత ఫైళ్లే మీకు లొంగకపోతే, అడ్మినిస్ట్రేటర్‌గా యాజమాన్యం మార్చుకుని నిస్సంకోచంగా తీసేయవచ్చు. అదే విండోస్ ఫోల్డర్‌లోని ఫైలుకు, విండోస్ తన సొంత ఫైళ్లకు కాపలా పెట్టుకున్న ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే ఖాతా యజమానిగా కనిపిస్తే మాత్రం చేయి వెనక్కి తీసుకోండి. విండోస్‌ను కొత్తదానికి మార్చాక మిగిలే పాత విండోస్ ఫోల్డర్‌ను (Windows.old) వదిలించుకోవడానికి డిస్క్ క్లీనప్ ఉంది.

తెలుగులో పేర్లు పెట్టుకునేవారు గమనించాల్సిన చిక్కు మరొకటి. డ్రైవ్ నుంచి ఫైలు పేరు వరకు మొత్తం దారి సుమారు 260 గుర్తులు దాటితే ఎక్స్‌ప్లోరర్ తడబడుతుంది. ఒత్తు, గుణింతం, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘శ్రీకృష్ణదేవరాయలు’లో మన కంటికి 8 అక్షరాలే, కంప్యూటర్‌కు 17. ఫోల్డర్‌లో ఫోల్డర్‌గా దాచిన పాత ఫొటోలు ఇలా ఇరుక్కుంటాయి. దీనికి ఏ అన్‌లాకరూ అక్కర్లేదు, పై ఫోల్డర్ల పేర్లను ఒక్కొక్క అక్షరానికి కుదిస్తే దారి చిన్నదై ఫైలు కదులుతుంది.

సేఫ్ మోడ్‌ను, లినక్స్ పెన్‌డ్రైవ్‌ను నేను అంత తేలిగ్గా తలచుకోను. షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ చేస్తే సేఫ్ మోడ్ దారి తెరుచుకుంటుంది కానీ, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న కంప్యూటర్ రికవరీ కీ అడగవచ్చు. అది చేతిలో లేకుండా మొదలుపెట్టకండి. ఫైలు వైరస్ అన్న అనుమానం ఉంటే సేఫ్ మోడ్‌లో చేత్తో ఏరడం కంటే విండోస్‌లోనే ఉన్న వైరస్ నిరోధకం డిఫెండర్‌తో, విండోస్ లేవకముందే జరిగే ఆఫ్‌లైన్ స్కాన్ మేలు. లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే విండోస్ పట్టింపులేవీ ఉండవు. కాకపోతే ఏది తీసేసినా అడ్డుచెప్పేవారూ ఉండరు. దానికి ముందు విండోస్‌ను ఫాస్ట్ స్టార్టప్ లేకుండా పూర్తిగా ఆపి ఉండాలి, లేకపోతే ఆ డిస్క్ చదవడానికే తప్ప మార్చడానికి తెరుచుకోకపోవచ్చు.