మెట్రోనా, బస్సా, రెండింటి మధ్య అతుకా? హైదరాబాద్‌కు ఏది మేలు?

వనస్థలిపురం నుంచి గచ్చిబౌలిలో ఆసుపత్రికి అమ్మను తీసుకెళ్లినప్పుడల్లా మూడుసార్లు జేబులోంచి డబ్బులు తీస్తాను. ఇంటి దగ్గర ఆటోకి, ఎల్బీనగర్‌లో మెట్రో టికెట్‌కి, రాయదుర్గంలో దిగాక మళ్లీ ఆటోకి. మధ్యలో అమీర్‌పేటలో రెడ్ లైన్ దిగి బ్లూ లైన్ ఎక్కాలి. రైల్లో ఉన్నంతసేపూ అమ్మ హాయిగా కూర్చుంటుంది. కష్టమంతా రైలెక్కే ముందు, రైలు దిగాకే. పైగా ఆ రెండు ఆటోలకయ్యేది మా ఇద్దరి రైలు టికెట్ల కంటే ఎక్కువ.

నిజానికి అమ్మకు బస్సు ఉచితం. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్టే కదా. అయినా డబ్బు పెట్టి మెట్రో ఎక్కుతోంది, బస్సు మెట్టు ఎక్కలేక. ఎక్కాల్సి వస్తే ముందు చేతిసంచి మెట్టు మీద పెడుతుంది, రెండు చేతులతో కడ్డీ పట్టుకుంటుంది, ఎడమ కాలు పైకి వేసి కుడి మోకాలిని మెల్లగా లాక్కుంటుంది. వెనకాల పదిమంది తోసుకుంటూ ఉంటారు.

అందుకే ఏ దేశంలో సిటీ రవాణా బాగుంటుందన్న మాట వస్తే నాకు ముందు ఈ మెట్టే గుర్తొస్తుంది. దీనికి బ్రెజిల్‌లోని కురిచిబా జవాబు చెప్పింది. 1974లోనే అక్కడ బస్సులకు రోడ్డు మధ్యలో వేరే దారి ఇచ్చారు. 1991లో గాజు గొట్టాల్లాంటి బస్ స్టేషన్లు కట్టారు. టికెట్ డబ్బులు లోపలికి వెళ్లేటప్పుడే కట్టేస్తారు. స్టేషన్ అరుగు, బస్సు నేల ఒకే ఎత్తులో ఉంటాయి, మధ్యలో ఖాళీ లేకుండా పలక వాలుతుంది. ఇల్లు దాటి వరండాలోకి వచ్చినట్టు బస్సులోకి నడిచి వెళ్లొచ్చు. ఇక్కడ మెట్రోలో అమ్మకు దొరికే సుఖం అక్కడ బస్సులోనే ఉందన్నమాట, అదీ సొరంగాలు, పిల్లర్లు లేకుండా.

మరి బస్సులు చాలవా అంటే, చాలవనే అంటాను. కురిచిబాను చూసి కొలంబియా రాజధాని బొగోటా 2000లో ట్రాన్స్‌మిలెనియో అనే అలాంటి బస్సుల వ్యవస్థే మొదలుపెట్టింది. జనం పోటెత్తారు, కిక్కిరిసిపోయింది. ఇప్పుడు ఆ నగరం మెట్రో కూడా కట్టుకుంటోంది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ ప్రజలు 1962లో, 1973లో భూగర్భ రైలు లైన్లు వద్దని ఓటేశారు. తర్వాత 1977లో ట్రాములకు, బస్సులకు దారి ఇవ్వడానికే డబ్బు మంజూరు చేశారు. ట్రాము దగ్గరకొస్తే సిగ్నల్ దానికి పచ్చలైటు ఇస్తుంది. ముచ్చటగానే ఉంటుంది. కానీ జ్యూరిక్ జనాభా దాదాపు నాలుగున్నర లక్షలే. కోటి మంది బతికే మన నగరానికి మెట్రో దండగ అని దాన్ని చూపించి వాదిస్తే నేను ఒప్పుకోను. 2017లో మియాపూర్‌లో మెట్రో మొదలైనప్పటి నుంచి ఈ నగరంలో టైముకి చేరతామన్న ధీమా అంటూ ఉందంటే అది ఆ 69 కిలోమీటర్ల లైన్ల మీదే.

నాకు అన్నిటికంటే నచ్చింది సింగపూర్ పద్ధతి. 2010 నుంచి అక్కడ బస్సుకీ రైలుకీ కలిపి మొత్తం దూరానికి ఒకటే చార్జీ. బస్సులో 4 కిలోమీటర్లు, రైల్లో 10, మళ్లీ బస్సులో 2 వెళితే 16 కిలోమీటర్లు ఒకే బండిలో వెళ్లినట్టే కార్డులో డబ్బు కోస్తారు. బండి మారినప్పుడల్లా కనీస చార్జీ మళ్లీ మొదలవదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. మన దగ్గర పాస్ లేనివాళ్లు బస్సు మారితే కొత్త టికెట్ కొనాలి, మెట్రోకి మారితే మళ్లీ ఇంకోటి. అందుకే అందరూ డైరెక్ట్ బస్సు కోసమే కాచుక్కూర్చుంటారు. డైరెక్ట్ బస్సంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేది. అది ప్రతి జంక్షన్‌లో ఆగి ఆగి వస్తుంది. అందుకే ఒక్కోసారి అరగంట దాకా ఒక్కటీ రాదు, తర్వాత రెండు ఒకేసారి వస్తాయి. మారడానికి అదనంగా ఖర్చు లేకపోతే పొట్టి రూట్లలో బస్సులు ఎక్కువసార్లు తిప్పొచ్చు.

డబ్బెక్కడిది అంటారా? లక్సెంబర్గ్ 2020లో దేశమంతా బస్సు, రైలు ప్రయాణం అందరికీ ఉచితం చేసేసింది. అది చిన్న దేశం, సంపన్న దేశం, మనకు పోలిక కుదరదు. ఆస్ట్రియా రాజధాని వియన్నా దారి నాకు సబబుగా అనిపిస్తుంది. అక్కడ 1970 నుంచి మెట్రో కోసం యజమానుల దగ్గర ఉద్యోగికి వారానికి ఇంత అని పన్ను తీసుకుంటున్నారు. 2012లో ఏడాది పాసు ధర 365 యూరోలకు, అంటే రోజుకో యూరోకి తగ్గించగలిగారు. మన ఐటీ కారిడార్‌లో కంపెనీలు క్యాబ్‌లకు పెట్టే ఖర్చులో కొంత ఇలా మళ్లిస్తే ఎన్ని బస్సులు వస్తాయో అని తరచూ అనుకుంటాను.

హైదరాబాద్‌కు నేను కోరుకునే వరస ఇదీ: ముందు సింగపూర్ టికెట్, దాంతోపాటే కురిచిబా అరుగు, ఆ తర్వాత కొత్త మెట్రో లైన్లు. లైన్లు ఎన్ని వేసినా అతుకు సరిగా లేకపోతే ఏమవుతుందో హైటెక్ సిటీలో చూడండి. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైలుకి అక్కడొక స్టేషన్ ఉంది, మెట్రోకీ ఉంది. రెండింటి పేరూ ఒకటే, కానీ అవి పక్కపక్కన లేవు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు నమ్మి ఒకటి దిగి రెండోదాని కోసం వెతుక్కుంటారు. చివరికి ఆటో ఎక్కాల్సిందే.