గూగుల్ ఫ్లైట్స్‌లో కార్బన్ అంకె: శాతం వదిలేసి కిలోలు చూడండి

టికెట్లు వెతికేటప్పుడు గూగుల్ ఫ్లైట్స్ ప్రతి విమానం వరుసలో ఒక కార్బన్ అంకె చూపిస్తుంది. అది ఒక్కో ప్రయాణికుడి వాటా, కిలోల్లో. ఆ దారిలో మామూలుగా పడే దానికంటే తక్కువైతే, దాని కిందే ఇంత శాతం తక్కువ అని పచ్చటి చీటీ. ఒకే దారిలో రెండు విమానాలుంటే ఏది ఎక్కాలో తేల్చుకోవడానికి ఇది పనికొచ్చే సాధనమే. అసలు ఈ యాత్ర భారం ఎంత అన్నది మాత్రం ఆ పచ్చ చీటీ చెప్పదు. చెప్పినట్టు అనిపిస్తుంది, చిక్కంతా అక్కడే.

వెనక నడిచే లెక్క పేరు ట్రావెల్ ఇంపాక్ట్ మోడల్. విమానం రకం, దూరం, సీట్ల సంఖ్య, అవి ఏ మేరకు నిండుతాయన్న అంచనా తీసుకుని ఇంధనాన్ని సీట్లకు పంచుతుంది. రెండు నడవల పెద్ద విమానంలో ఎకానమీ సీటుకు 1 వాటా అయితే ప్రీమియం ఎకానమీకి 1.5, బిజినెస్‌కు 4, ఫస్ట్ క్లాస్‌కు 5. ఒకే నడవ ఉన్న విమానంలో బిజినెస్ అయినా 1.5 దాటదు. సీటు ఆక్రమించే చోటును బట్టి ఈ పంపకం. బిజినెస్‌లో వెళ్తూ ఎకానమీ అని పెట్టి వెతికితే పెద్ద విమానంలో అసలు భారంలో నాలుగో వంతే కనిపిస్తుంది.

కిలో విమాన ఇంధనం కాలితే సుమారు 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఈ మోడల్ ముడి చమురు తీయడం, శుద్ధి, రవాణా కూడా కలిపి 3.84 దాకా వేస్తుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐసీఏఓ క్యాలిక్యులేటర్ 3.16 దగ్గరే ఆగుతుంది. రెండు చోట్లా ఒకే విమానానికి 20 శాతం తేడా ఈ ఒక్క కారణంతోనే రావచ్చు. ఒక విమానం అంకె ఇక్కడ, రెండో దానిది అక్కడ చూసి పోల్చకండి.

ఇక శాతం సంగతి. అది ఆ దారిలో మామూలుగా పడే భారంతో పోలిక. మామూలు 900 కిలోలుండే దూరపు దారిలో 10 శాతం తగ్గితే 810, చీటీ పచ్చగా ఉంటుంది. 120 కిలోల దగ్గరి దారిలో 15 శాతం పెరిగితే 138 మాత్రమే, అయినా పచ్చ చీటీ ఉండదు. పర్యాటక రంగం కథ కూడా ఇదే. 2009 నుంచి 2019 వరకు తక్కువ ఉద్గారాలతో పని నడిపే సాంకేతిక సామర్థ్యం ఏడాదికి 0.3 శాతం మెరుగైతే, ఉద్గారాలు ఏడాదికి 3.5 శాతం చొప్పున పెరిగి 520 కోట్ల టన్నులకు, ప్రపంచ మొత్తంలో 8.8 శాతానికి చేరాయి. ప్రతి ప్రయాణమూ కాస్త పచ్చబడింది, ప్రయాణాలు అంతకు మించి పెరిగాయి.

పెద్ద లోటు ఇంకొకటి. విమానం వెనక సాగే తెల్లటి చారలు వేడిని పట్టి ఉంచుతాయి. రాత్రిపూట ఎండను తిప్పికొట్టే పని కూడా ఉండదు కాబట్టి వేడే మిగులుతుంది. విమానయానం వల్ల కలిగే వేడిలో దాదాపు మూడింట రెండు వంతులు కార్బన్ డయాక్సైడ్ కాని ఇలాంటి ప్రభావాలదేనని 2021 నాటి విస్తృత అంచనా. 2022లో గూగుల్ వీటిని చూపే అంకెలోంచి తీసేసింది. లెక్క తేల్చడం కష్టమన్నది నిజమే, కానీ తీసేస్తే చదివేవాడికి అది సున్నాగానే తోస్తుంది.

వాడే పద్ధతి: ముందు క్లాస్ సరిచేసుకోండి, తర్వాత ఉద్గారాల ప్రకారం వరుస పెట్టండి. మధ్యలో ఆగే విమానాలు చుట్టు తిరగడమే కాక మళ్లీ పైకి లేవడానికి ఇంధనం తాగుతాయి. నేరుగా వెళ్లేవే ముందు చూడండి. వివరాలు తెరిచి విమానం పేరు చదవండి. ఏ320 నియో పాత ఏ320 కంటే 15 నుంచి 20 శాతం తక్కువ తాగుతుంది.

కొన్ని సంస్థలు డబ్బు కట్టేచోట పచ్చ ఇంధనానికి, అంటే ముడి చమురుకు బదులు వాడేసిన నూనెలు, వ్యర్థాల లాంటి వాటి నుంచి చేసే విమాన ఇంధనానికి, అదనపు చెల్లింపు అడుగుతాయి. ఆ ఇంధనం కాలినా పొగ గొట్టం దగ్గర కార్బన్ దాదాపు అంతే. ఆదా అంతా ముడిసరుకులో, మొత్తం జీవితచక్రం మీద 80 శాతం వరకు. మామూలు ఇంధనంలో 50 శాతానికి మించి కలపడానికి అనుమతి లేదు. మీరు కట్టిన సొమ్ముకు వచ్చే ఇంధనం మీ విమానంలోనే పడుతుందనీ లేదు.

టికెట్ కొన్నాక సంస్థ విమానాన్ని మార్చేస్తే మీరు చూసిన అంకె చెల్లదు. విమానం పేరుతో సహా స్క్రీన్‌షాట్ ఉంచుకుని, ప్రయాణానికి ముందు రోజు మళ్లీ సరిచూసుకోండి.