రకీమ్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి: 1987 ఆల్బమా, 1988 ఆల్బమా?

న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో పెరిగిన ర్యాపర్ రకీమ్, డీజే ఎరిక్ బీతో చేసిన మొదటి రెండు ఆల్బమ్‌లలో ఏది ముందు వినాలి?

నిడివి: ‘పెయిడ్ ఇన్ ఫుల్’ (1987)లో 10 ట్రాకులు, మూడింట్లో మాటలుండవు. ‘ఫాలో ది లీడర్’ (1988)లో 11.

శ్రమ: మొదటిది నింపాదిగా నడుస్తుంది. రకీమ్ గొంతు పెంచడు, అరవడు. ప్రాస పాదం చివరే కాదు, మధ్యలోనూ పడుతుంది. అంత్యప్రాసకే అలవాటైన చెవికి ఇదో కొత్త రుచి. శాక్సొఫోన్ వాయించినవాడు కదా, ఊపిరి ఎక్కడ ఆపాలో బాగా తెలుసు! రెండోదాంట్లో వేగం, పదాల ఒత్తిడి ఎక్కువ.

రిస్క్: రెండోది ముందు వింటే మాటలు అందక వదిలేస్తారేమో.

ర్యాప్ కొత్తైతే 1987 ఆల్బమ్. ర్యాప్ రాస్తున్నవాళ్లయితే 1988ది, లిరిక్స్ ఎదురుగా పెట్టుకుని. నాకైతే మొదటిదే ప్రాణం.