జేన్ కథా, ఆన్ కథా: మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ముందు ఏది చెప్పాలి?

ఉలవపాడు దగ్గర ఒక హైస్కూల్లో నేను తెలుగు చెబుతాను. వారానికొక లైబ్రరీ పీరియడ్ ఉంటుంది. బీరువాలో పుస్తకాలు తక్కువ, అందుకని ఎక్కువగా నేనే కథ చెబుతాను. రెండేళ్లుగా తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు రెండు ఇంగ్లీషు నవలలను వారాల తరబడి తెలుగులో చెబుతూ వస్తున్నాను. ఒకటి షార్లట్ బ్రాంటీ ‘జేన్ ఐర్’, 1847 నాటిది. రెండోది కెనడా రచయిత్రి మాంట్‌గోమరీ రాసిన ‘ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’, 1908లో వచ్చింది. రెండింట్లోనూ అమ్మానాన్నా లేని పిల్ల పెరిగి పెద్దదవుతుంది, తన మాట తను వెతుక్కుంటుంది. రెండూ చెప్పొచ్చు గదా, తూకం వేయడం దేనికని తోటి టీచర్ అడిగారు. చెప్పాలి, నిజమే. కానీ పదో తరగతి అయ్యాక మా పిల్లల్లో కొందరు ఇంకే తరగతిలోనూ కనపడరు. ఒక్క కథ వినడానికే టైముందనుకుంటే ఏది వినాలి? నా ప్రశ్న అది.

మా వైపు ఆడపిల్ల ఎదగడానికి ఒక మాట ఉంది. ‘పెద్దమనిషి అయింది’ అంటారు. అదే మాట మగవాడికి వాడితే ఊళ్లో తగువు తీర్చే మనిషని అర్థం, పదిమంది ఆయన నోటి మాట కోసం చూస్తారు. ఆడపిల్ల పెద్దమనిషైతే చాప మీద కూర్చోబెడతారు, చిమ్మిలి పెడతారు, మేనమామ పట్టు ఓణీ తెస్తాడు, వీధి మలుపులో ఫ్లెక్సీ కడతారు. నీకేం కావాలమ్మా అని అడిగే తంతు మాత్రం అందులో లేదు. ఫంక్షన్ అయ్యాక బడికొచ్చిన పిల్ల మొదటి వారం తలెత్తి మాట్లాడదు. నేను ఈ కథలు మొదలుపెట్టింది ఆ వారం కోసమే.

ఆన్ కథ పిల్లలకు ఇట్టే పడుతుంది. పెళ్లి చేసుకోకుండా ముసలివాళ్లయిన అన్నాచెల్లెళ్లు మాథ్యూ, మరిల్లా. పొలం పనికి సాయంగా ఒక మగపిల్లాణ్ణి పంపమని వాళ్లు అనాథాశ్రమానికి కబురు పెడితే పొరపాటున పదకొండేళ్ల ఆన్ వస్తుంది. మగపిల్లాణ్ణి కాదు గనకే నేను అక్కర్లేదా అని ఆ పిల్ల ఏడ్చినచోట మా క్లాసంతా గమ్మునైపోయింది. తమ్ముడి కోసం చూసి చూసి నాలుగోసారీ ఆడపిల్లేనని తలపట్టుకున్న ఇళ్లు వాళ్లకు తెలుసు. ఆన్‌కు తన ఎర్రజుట్టంటే అసహ్యం. ‘క్యారెట్’ అని ఏడిపించిన తోటి విద్యార్థి గిల్బర్ట్ నెత్తిన పలక పగలగొడుతుంది. ఇంటికొచ్చిన అమ్మకందారు దగ్గర రంగు కొని పూసుకుంటే జుట్టు నల్లబడకుండా ఆకుపచ్చగా మారుతుంది. నేను జుట్టు గురించి చెబుతున్నాను, వాళ్లు ఒంటి రంగు గురించి వింటున్నారు. ఇంట్లోవాళ్ల చేతే ‘నల్లపిల్ల’ అని పిలిపించుకునేవాళ్లు వాళ్లలో ఉన్నారు. క్రీము రాసుకుంటే మొహం మండిన సంగతులు ఆ రోజు నాలుగు బయటికొచ్చాయి. ఆ గంటలో ఆన్ చేసిన మేలు జేన్ చేయలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

జేన్ కథ మొదట్లో బరువుగా నడుస్తుంది. మేనమామ పోయాక ఆయన భార్య పదేళ్ల జేన్‌ను ఎర్రగదిలో పెట్టి తాళం వేస్తుంది. తర్వాత లోవుడ్ అనే ధర్మబడిలో ఎనిమిదేళ్లు. ఆరేళ్లు చదువు, రెండేళ్లు అక్కడే టీచరు పని. చలి, చాలీచాలని తిండి, జబ్బులు. మా పిల్లలు అక్కడ కాస్త విసుక్కున్నారు కూడా. పద్దెనిమిదేళ్లకు జేన్ పని కావాలని పేపర్లో ప్రకటన వేయించుకుంటుంది. వెనక బెంచీ పిల్ల లేచి, “తనకి తనే వేయించుకుందా టీచర్? ఎవర్నీ అడక్కుండానా?” అంది. పేపర్లో ఆడపిల్ల గురించి ప్రకటన అంటే వాళ్లకు తెలిసింది పెళ్లి సంబంధాలదే. లోవుడ్‌లో ఏడాదికి పదిహేను పౌన్ల జీతం, కొత్తచోట ముప్పై. బోర్డు మీద రాశాను. వాళ్ల అమ్మలు పొగాకు గ్రేడింగుకు వెళ్లే పిల్లలు, కూలి లెక్క వాళ్లకు నోటికి వస్తుంది. రెట్టింపు అని నేను చెప్పకముందే చెప్పారు.

అక్కణ్ణుంచి కథ మీద పట్టు వాళ్లదే అయింది. పనికి కుదిరిన ఇంటి యజమాని రాచెస్టర్‌ను జేన్ ప్రేమిస్తుంది. వాళ్ల పెళ్లి రోజున, అతనికి ముందే భార్య ఉందని, ఆమె ఇంకా బతికే ఉందని జేన్‌కు తెలుస్తుంది. అతను బతిమాలతాడు. జేన్ తెల్లవారకముందే ఇరవై షిల్లింగులతో, అంటే ఒక్క పౌనుతో, బయల్దేరి వెళ్లిపోతుంది. మూట బండిలోనే మరిచిపోతుంది, ఆకలితో తిరుగుతుంది, పందికి పోయబోయే చల్లారిన జావ అడిగి తింటుంది. ఆ ఆకలి రోజులను నేను ఒక్కటి కూడా తగ్గించి చెప్పలేదు. మా దగ్గర పదిహేనేళ్ల పిల్ల ఇల్లు దాటి వెళ్లిందంటే చాలాసార్లు ఒక అబ్బాయి చెయ్యి పట్టుకునే వెళుతుంది. సినిమాలు నేర్పిన దాటడం అదే. ఆరు నెలల తర్వాత మెళ్లో తాళితో, చంకలో పుస్తకం లేకుండా కనపడుతుంది. జేన్ వెళ్లింది ప్రేమించినవాడి దగ్గరికి కాదు, తన గౌరవం కోసం అతని దగ్గర్నుంచే వెళ్లింది. చేతిలో డబ్బు లేకపోయినా పాఠం చెప్పే పని వచ్చు. ఆ పనే తర్వాత మోర్టన్ ఊళ్లో బడిపిల్లల ముందు ఆమెను నిలబెడుతుంది. దాటడంలో ఇలాంటిది కూడా ఒకటుందని మా పిల్లలు వినడం చాలా అవసరం.

ఇక ఆన్ కథ ముగింపు. కాలేజీ చదువుకు ఏడాదికి 250 డాలర్ల చొప్పున నాలుగేళ్ల స్కాలర్‌షిప్ గెలుస్తుంది. డబ్బు దాచుకున్న బ్యాంకు మునిగిందన్న వార్తకు మాథ్యూ గుండె ఆగి చనిపోతాడు. మరిల్లాకు చూపు తగ్గుతోంది, ఇల్లు అమ్మాలనుకుంటుంది. ఆన్ స్కాలర్‌షిప్ వదులుకుని ఆమె దగ్గరే ఉండిపోతుంది. ఇది చెప్పి ఊరుకున్నాను. గంట కొట్టాక ఒక పిల్ల వచ్చి, “మా అవ్వకి కూడా కళ్లు కనపడవు టీచర్. ఆన్ చేసింది కరెక్టే గదా?” అంది. వాళ్ల అమ్మ పనికి పోయిన రోజున అవ్వను చూసుకోవడానికి ఆ పిల్ల బడి మానేస్తుంది. వారంలో రెండు రోజులు హాజరు పట్టీలో ఆబ్సెంట్ వేసేది నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక మంచి కథ చెప్పి, ఆ పిల్ల కాళ్లకున్న తాడుకు నేనింకో ముడి వేశాననిపించింది.

విచిత్రం ఏంటంటే, జేన్ కథ కూడా కళ్లు పోయిన మనిషి పక్కనే ముగుస్తుంది. భార్య చనిపోయిన అగ్ని ప్రమాదంలోనే చూపు పోయిన రాచెస్టర్ దగ్గరికి ఆమె తిరిగి వస్తుంది. కానీ ఎప్పుడు వచ్చింది? బాబాయి నుంచి వచ్చిన 20,000 పౌన్ల ఆస్తిని, కష్టకాలంలో ఆదుకున్న ముగ్గురు బంధువులతో సమానంగా నలుగురికీ పంచి, తన వాటా 5,000తో తన కాళ్ల మీద నిలబడ్డాక వచ్చింది. అక్కరలేకపోతే వెనక్కి వెళ్లిపోగలదు. సేవ అదే, ప్రేమ అదే. కానీ ఆన్ వెళ్లకముందే ఆగింది, జేన్ వెళ్లి వచ్చింది. ఆగిన పిల్లను మా ఊళ్లలో అందరూ మెచ్చుకుంటారు, ఆ మెప్పుకు మా పిల్లలకు కొత్తగా కథ అక్కర్లేదు. మాంట్‌గోమరీని తప్పు పట్టను. ఆగినా ఆన్ చదువు మానదు, టీచరుగా పని చేస్తూ ఇంటి దగ్గరే చదువుకుంటుంది, 1915లో వచ్చిన మూడో పుస్తకంలో కాలేజీకి వెళుతుంది. మా పిల్లలకు మూడో పుస్తకం దాకా ఎవరు చెబుతారు? అందుకే ఈ ఏడాది నుంచి జేన్ ముందు, ఆన్ తర్వాత. అదీ మూడో పుస్తకం వరకు చెప్పేటట్టయితేనే.

లూయిసా ఆల్కాట్ ‘లిటిల్ విమెన్’ కూడా అనుకున్నాను గానీ పక్కన పెట్టాను. 1868లో మొదటి భాగం రాగానే అక్కచెల్లెళ్లకు పెళ్లిళ్లు ఎవరితో అని పాఠకులు ఉత్తరాలు రాశారు, మరుసటేడు రెండో భాగంలో వాళ్లలో రచయిత్రి కావాలని కలగన్న ‘జో’ అనే పిల్లకు కూడా పెళ్లయింది. ఆ ప్రశ్న మా వీధిలో రోజూ వింటున్నదే.

మన నేల మీది కథ వద్దా అంటే, అదే నా పెద్ద వెలితి. నెల్లూరు జిల్లా బాల్యాన్ని ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ ఎంతో ప్రేమగా చెప్పాయి, కాని అది మగపిల్లాడి బాల్యం. ఆడపిల్ల బాల్యం కావాలంటే నేను ఆత్మకథ దగ్గరికి పోవాల్సి వస్తోంది. పొణకా కనకమ్మ 1892లో పుట్టారు. చిన్నతనంలోనే పెళ్లయి పొట్లపూడి కోడలయ్యారు, బడికి వెళ్లే వీల్లేక ఇంట్లోనే చదువుకున్నారు, 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం స్థాపించారు. ఇల్లు దాటే దారే లేని కాలంలో ఆమె తర్వాతివాళ్లకు దారి వేశారు. ఆమె ఆత్మకథ ‘కనకపుష్యరాగం’లోంచి పేజీలు చదివి వినిపిస్తే పిల్లలు వింటారు, గౌరవంతో వింటారు. పలక పగలగొట్టిన పిల్లను విన్నట్టు మాత్రం వినరు. నవలకు ఉన్న బలం అది.

ఇంకొకటి ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో తొంభైల మొదట్లో ఆడవాళ్లు రాత్రిబడిలో సారా గురించిన సీతమ్మ కథ అనే పాఠం చదువుకున్నారు, సారా కొట్టు మూయించారు. ఆ కదలిక ఊరూరికీ పాకి 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్లింది. చిన్న పాఠం, గొప్ప నవలేం కాదు. అందులో వాళ్లకు కనపడింది తమ ఇల్లే. వాళ్లు దాటనూ లేదు, ఒంటరిగా ఆగనూ లేదు, కలిసి కొట్టు ముందు నిలబడ్డారు. పిల్లల్లో కొందరికి ఇది అవ్వల నోటి కథ. జేన్ ఒంటరితనం చెప్పిన వారమే ఈ సంగతీ చెబుతున్నాను, ఎందుకంటే జేన్‌కు లేనిది మా పిల్లలకు ఉంది. వాళ్లు ముప్పై రెండు మంది.

బడి మానే పిల్ల అవ్వకు కళ్లలో శుక్లాలని తేలింది. ఉచిత శిబిరంలో ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా ఉంది. పిల్ల ఇప్పుడు వారంలో ఒక రోజే మానేస్తోంది. మొన్న వచ్చి, కావలిలో ఇంటర్‌కు హాస్టల్ ఉందా, రోజూ పోయి వస్తే కుదురుతుందా అని అడిగింది. “బస్సు ఇప్పుడు ఫ్రీనే గదా టీచర్, జేన్‌కి ఆ ఇరవై షిల్లింగులు బండికే అయిపోయాయి” అంది.