లిటరరీ ఏజెన్సీ: ఇంగ్లీషు హక్కులకి సరే, తెలుగు పుస్తకానికి వద్దు

మా పాలకొల్లు వైపు పుస్తకం వెయ్యడమంటే తెలిసిన పద్ధతి ఒకటే. విజయవాడలో 500 కాపీలు కొట్టించి, సగం ఆవిష్కరణ సభలో పంచిపెట్టి, మిగతావి మంచం కిందకి తొయ్యడం. 1996 నవంబరు తుఫాను తర్వాత కోనసీమలో చెట్టెక్కి కొబ్బరికాయలు కోసే దింపు కార్మికుల బతుకు మీద రాసిన నవలని అలా వదలబుద్ధి కాక, కొత్త రచయితలని తీసుకుంటున్న ఒక ఢిల్లీ లిటరరీ ఏజెన్సీకి పంపాను. రచయిత తరఫున ప్రచురణకర్తని వెతికి, ఒప్పందం మాట్లాడి, రాబడిలో కమీషను తీసుకునేవాళ్లు వీళ్లు. కొన్నేళ్లుగా వాళ్లతోనే ఉన్నాను.

చదివినందుకు పైసా అడగలేదు. అలా అడిగేవాళ్లు తగిలితే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. నా ఒప్పందంలో కమీషను దేశంలో 15 శాతం, విదేశీ హక్కులకి 20. అంటే 400 రూపాయల పుస్తకం మీద 7.5 శాతం రాయల్టీ 30 రూపాయలైతే, నాలుగున్నర వాళ్లకి, మిగిలింది నాకు. అసలు చేతి చమురు వదిలేది ముందే. అక్కడ తెలుగు చదివేవాళ్లు లేరు కాబట్టి సారాంశం, నమూనా అధ్యాయాలు మన ఖర్చుతోనే ఇంగ్లీషులోకి చేయించాలి.

వాళ్ల విలువ ఒప్పందం దగ్గర తెలిసింది. ప్రచురణకర్త పంపిన కాగితంలో అన్ని భాషలూ, ఆడియో, సినిమా హక్కులు ఒకే వాక్యంలో, కాపీరైటు ఉన్నంతకాలం అని ఉన్నాయి. అంటే నేను పోయాక ఇంకో 60 ఏళ్లు! మా ఏజెంటు దాన్ని ముక్కలు చేసింది. ఇంగ్లీషు ప్రింటు, ఈబుక్ ప్రచురణకర్తకి. ఆడియో ఏడాదిలో తేకపోతే వెనక్కి. సినిమా, తెలుగు నావి. కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం గడువు రాయకపోతే 5 ఏళ్లే, ఏడాదిలో వాడని హక్కు రద్దే. కానీ ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఆ రక్షణ ఉండదని ఆవిడే విడమరిచి చెప్పారు.

నవలలో తుఫానుని ముందు అధ్యాయాల్లోకి జరపమన్నారు ఏజెన్సీవాళ్లు, జరిపాను. దింపు, వలుపు కార్మికుల తేడా చెప్పే పేజీ తీసెయ్యమన్నారు. అదెలా? నా నవలలో రాలిన కాయలు వలవడానికి కొన్నాళ్లు పని దొరుకుతుంది, ఎక్కేవాడికి చెట్టే మిగల్లేదు. గొడవంతా అక్కడే ఉంది. ఒప్పుకోలేదు, వాళ్లూ పట్టుబట్టలేదు.

ఇక మౌనం. మనం మెయిల్ పెడితేగానీ కబురుండదు. ఏ ప్రచురణకర్త కాదన్నాడో కూడా అడిగితేనే చెప్పారు. రాయల్టీ స్టేట్‌మెంటు ఏడాదికోసారి, అదీ ఆలస్యంగా. టెన్షన్ పడే స్వభావమైతే కష్టమే.

తెలుగు ప్రచురణని ఏజెన్సీ పట్టించుకోదు. వాళ్లని అనీ లాభం లేదు. 200 రూపాయల పుస్తకం 500 కాపీలూ అమ్ముడై, 10 శాతం రాయల్టీ ఇచ్చినా పదివేలు. అందులో వాళ్ల వాటా పదిహేనొందలు, దానికోసం ఎవరు తిరుగుతారు? పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌ని కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, మనమే తెచ్చుకోవచ్చు.

రెండో నవలకి ఇంగ్లీషు హక్కులు మళ్లీ వాళ్లకే ఇచ్చాను. మెయిల్‌కి 15 రోజుల్లో జవాబివ్వాలని మాత్రం ఈసారి ఒప్పందంలోనే రాయించాను.