ఏసీ మీటలన్నీ స్క్రీన్‌లోకి వెళ్లిన కారు: నాలుగేళ్ల తర్వాత

ఈ కారు మైలేజీ, ఇంజిను, డిక్కీ సైజు గురించి ఇప్పటికే ఎందరో రాశారు కాబట్టి నేను వాటి జోలికి వెళ్లను. నాలుగేళ్లలో 62,000 కిలోమీటర్లు నడిపాను. దీనితో నా పేచీ ఒక్కటే. ఏసీకి సంబంధించిన మీట ఒక్కటి కూడా చేతికి తగలదు. చల్లదనం, ఫ్యాన్ వేగం, గాలి ఎటు కొట్టాలన్నది, చివరికి ముందు అద్దానికి పట్టిన ఆవిరిని పోగొట్టే బటన్ కూడా టచ్‌స్క్రీన్‌లోనే ఉన్నాయి.

కొన్న కొత్తలో ఆ స్క్రీన్‌ను మెచ్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. డాష్‌బోర్డు ఎంత శుభ్రంగా ఉందో చూడమని మా ఆఫీసులో ఇద్దరికి చూపించాను, వాళ్లలో ఒకరు ఇదే కారు కొన్నారు. షోరూంలో నిలబడి ఉన్న కారులో అది బాగానే ఉంటుంది. వంద కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఎలా ఉంటుందో తెలియడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది.

రెండో ఏడాది ఆగస్టులో అమ్మను వెంటబెట్టుకుని విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాను. నందిగామ దగ్గర మొదలైన వాన జగ్గయ్యపేట దాటేసరికి కుండపోత అయింది. వెనక సీటులో ఉన్న అమ్మ "కాసేపు ఏసీ ఆపరా, కాళ్లు కొంకర్లు పోతున్నాయి" అంది. ఆపేశాను. లోపలి గాలే లోపల తిరిగే మోడ్ అలాగే ఉండిపోయిందన్న సంగతి నాకు తట్టలేదు. మూసిన కారులో ముగ్గురి ఊపిరి, తడిసిన బట్టలు, బయట వానకు చల్లబడ్డ అద్దం. ఇంకేం కావాలి? కోదాడ దాటి మునగాల చేరేలోపే అద్దం అడుగు నుంచి తెల్లగా పొగమంచులా పైకి పాకింది. వైపర్లు జోరుగా తిరుగుతూనే ఉన్నాయి. కానీ ఈ తడి అద్దానికి లోపలి వైపు ఉంది.

స్క్రీన్ మీద అప్పుడు ఫోను మ్యాపు ఉంది. దాన్ని పక్కకు జరిపి, ఏసీ గుర్తు నొక్కి, వచ్చిన పేజీలో అద్దం బొమ్మను నొక్కాలి. మొదటిసారి నొక్కాను, కదల్లేదు. మళ్లీ నొక్కాను. మ్యాపులోని నీలం బాణం కూడా ఎక్కడిదక్కడే నిలిచిపోయింది. స్క్రీన్ బిగుసుకుపోయిందని అప్పుడు అర్థమైంది. ఏసీ వెయ్యడానికి లేదు, బయటి గాలి తీసుకోవడానికి లేదు. వెనక లారీ హారన్ కొడుతోంది. ముందున్న బస్సు ఎర్ర లైట్లు రెండు మరకల్లా కనిపిస్తున్నాయి. పక్కనున్న మా ఆవిడ తువ్వాలుతో అద్దం తుడిచింది. తుడిచిన చోట గీతలు గీతలుగా నీళ్లు నిలిచాయి, ఎదురు లైట్లు పడగానే ఆ గీతలన్నీ వెలిగి అసలు దారే కనిపించలేదు. అద్దాలు రెండూ దించేశాను. వాన లోపలికి కొట్టి అమ్మ తడిసిపోయింది, కానీ ముందు అద్దం మెల్లగా తేటపడింది. హజార్డ్ లైట్ల మీట విడిగా ఉండబట్టి వెంటనే వేయగలిగాను. అవి వెలుగుతుండగానే ఎడమ అంచు పట్టుకుని వెళ్లి ఒక పెట్రోలు బంకులో ఆపాను. కారు ఆపి, తలుపు తెరిచి, కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేస్తే స్క్రీన్ తిరిగి వచ్చింది. అంతవరకూ అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు.

మా పాత కారులో మూడు గుండ్రటి మీటలు ఉండేవి. వాటిలో కుడివైపుదానికి చిన్న గట్టులాంటిది ఉండేది. బొటనవేలికి ఆ గట్టు తగిలితే గాలి ఎటు కొడుతోందో చూడకుండానే తెలిసేది. పన్నెండేళ్లలో దాని కోసం ఒక్కసారి కూడా తల దించలేదు.

సర్వీసు సెంటరులో సాఫ్ట్‌వేర్ మార్చారు. ఆ తర్వాత స్క్రీన్ మళ్లీ అంతగా బిగుసుకోలేదు, ఆ మాట చెప్పి తీరాలి. కానీ రివర్స్ గేరు వేస్తే కెమెరా బొమ్మ వచ్చి ఏసీ పేజీని కప్పేయడం మాత్రం ఇప్పటికీ పోలేదు. గుంతల రోడ్డు మీద వేలు ఒక గడికి గురిపెడితే పక్క గడి మీద పడుతుంది.

ఇది నా ఒక్కడి బాధేనా అని వెతికాను. స్వీడన్‌లోని 'వి బిలాగరే' అనే కార్ల పత్రిక 2022లో ఒక పరీక్ష పెట్టింది. 110 కిలోమీటర్ల వేగంతో వెళుతూ నాలుగు మామూలు పనులు చేయమన్నారు, వాటిలో ఒకదానిలో అద్దం ఆవిరి పోగొట్టడం కూడా ఉంది. మీటలున్న 2005 నాటి వోల్వో వి70లో అన్నీ పది సెకన్లలో అయ్యాయి. అన్నిటికన్నా వెనకబడిన స్క్రీన్ కారులో 44.9 సెకన్లు పట్టింది, అంటే 1,372 మీటర్లు. యూరప్‌లో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి కొన్నిటికి విడి మీటలు ఉండాలని చెప్పింది. ముందుగా ప్రకటించిన జాబితాలో ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, వైపర్లు, హారన్, అత్యవసర పిలుపు ఉన్నాయి. మంచి పనే. కానీ వైపర్ తుడిచేది అద్దం బయటి వైపునే. లోపలి ఆవిరి సంగతి కూడా అందులో ఉండవలసింది.

ఇప్పుడు వాన మొదలవగానే, అద్దం మసకబారక ముందే, ఏసీని 24 దగ్గర ఆటోలో పెట్టి బయటి గాలి తెరిచేస్తాను. అమ్మకు శాలువా ఇస్తాను. తలుపు అరలో పొడి గుడ్డ ఎప్పుడూ ఉంటుంది.

నాకు యాభై నాలుగేళ్లు, రెండు పవర్ల కళ్లద్దాలు. స్క్రీన్ చదవాలంటే అద్దం కింది సగంలోంచి చూడాలి, మళ్లీ రోడ్డు మీదికి పై సగంలోంచి రావాలి. ముప్పై ఏళ్లవాళ్లకు, ఊళ్లోనే తిరిగేవాళ్లకు, పక్క సీటులో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్లకు ఇది ఇంత పెద్ద లోపం కాకపోవచ్చు. సీట్లు, సస్పెన్షన్ విషయంలో నాకు ఇప్పటికీ తృప్తే, అందుకే దాన్ని అమ్మేయలేదు. కానీ ఇదే కారు కొన్న ఆ సహోద్యోగికి ఆ రాత్రి సంగతంతా చెప్పాను. మా అమ్మాయి కోసం ఇప్పుడు ఒక చిన్న కారు చూస్తున్నాం. షోరూంలో కూర్చోగానే చూపు ముందు అద్దం మీదే ఉంచి, చేత్తో ఏసీ మీట కోసం తడుముతున్నాను. రెండు కార్లలో దొరికింది.